వరస కలవని హాజరు పట్టీ

నాకు ముక్కుమీదే కోపం. ఆ సంగతి మా లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి గంటలోనే తెలిసిపోతుంది. అందుకే తనిఖీకి వచ్చిన అధికారి మా హాజరు పట్టీని వేలితో తట్టి "ఇది దొంగ పట్టీ" అన్నప్పుడు, లోపల పనిచేస్తున్నవాళ్ళంతా ముందు నా మొహం చూశారట. ఆయన మీద వాళ్ళకి జాలేసిందని తర్వాత చెప్పారు.

మాది ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీ. రెండు ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు, ఆపరేషన్ గదుల్లో వాడే ఆకుపచ్చ గుడ్డలు రోజూ మా దగ్గరికే వస్తాయి. మాసినవి వెనక తలుపు గుండా వస్తాయి, ఉతికినవి ముందు తలుపు గుండా పోతాయి. రెండూ ఎక్కడా ఒకదాని మొహం ఒకటి చూడకూడదు. మధ్యలో నాలుగు ఉతికే డ్రమ్ములు, నీళ్ళు పిండే యంత్రం, మంచమంత వెడల్పున ఆవిరితో కాలే ఇస్త్రీ రోలరు. దుప్పటి అందించేవాళ్ళ వేళ్ళు పొరపాటున ముందుకి జరిగితే అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీకి తగిలి రోలరు టక్కున ఆగిపోవాలి. ఆగుతుందా లేదా అని రోజూ పొద్దున అందరికంటే ముందు నేనే ఆ కడ్డీని నెట్టి చూస్తాను.

చట్టం విషయంలో నాది చాదస్తం. పని గంటలు రాసిన బోర్డు మీద ధూళి ఉండకూడదు. మంటలొస్తే బయటపడే తలుపు ముందు ఎవరైనా బట్టల బండి నిలబెట్టారా, ఇక ఆ పూట నా నోటికి విశ్రాంతి ఉండదు. దీనికి కారణముంది. ఈ లాండ్రీ మా అత్తగారు పెట్టింది. మొదటి ఏడాది ఆ ఇనుప కడ్డీ లేదు. అప్పట్లో పనిచేసిన ఒకామె అరచెయ్యి రోలరులో కాలింది, మళ్ళీ ఎప్పటికీ పిడికిలి బిగించలేకపోయింది. ఆమె చేతిని మా అత్తగారు పోయేదాకా తలుచుకుంది. నాకు లాండ్రీతో పాటు ఆ తలపూ అప్పగించి వెళ్ళింది.

ప్రతి ఏడూ అనుమతి పత్రం కొత్తది తీసుకోవాలి. అది లేకపోతే ఆసుపత్రులు మాకు ఒక్క దుప్పటి కూడా ఇవ్వవు. ఇంతకాలం ఒక పెద్దాయన వచ్చి చూసి వెళ్ళేవాడు. ఆయనకి మాలో ప్రతివాళ్ళూ తెలుసు. ఆయన ఉద్యోగం పూర్తయింది, ఈసారి కొత్తాయన వచ్చాడు. చేతిలో ఉక్కు స్కేలు. నడిచే దారి వెడల్పు కొలిచాడు, తలుపు ఎత్తు కొలిచాడు, ప్రథమ చికిత్స పెట్టెలో కట్టుగుడ్డ పొడవు కూడా కొలిచాడు. మావాళ్ళు అరగంటలో ఆయనకి స్కేలాయన అని పేరు పెట్టేశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసుకుంటుంటే నేను లోలోపల మురిసిపోయాను. అప్పుడే ఆయన హాజరు పట్టీ అడిగాడు.

తెరిచి చదివాడు. "పెద్దక్క, హాజరు. వదిన, హాజరు. బాబాయి, పంటినొప్పి, అరపూట సెలవు. మామయ్య, హాజరు. అల్లుడు, టైరు పంక్చరు, అరగంట ఆలస్యం." ఇలా పదకొండు వరసలు. వెనక్కి తిప్పాడు, ఇంకా వెనక్కి తిప్పాడు. తొమ్మిదేళ్ళ పట్టీలు తెప్పించుకున్నాడు. అన్నింట్లోనూ అవే అక్కలు, అవే బాబాయిలు.

వీళ్ళెవరని అడిగాడు. మావాళ్ళన్నాను. అంటే బంధువులా అని అడిగాడు. నా నోటికి తాళం వేసుకోవలసింది అక్కడే. "బంధువుల కంటే ఎక్కువ" అన్నాను గర్వంగా. ఆయన ఆ మూడు మాటలూ వెంటనే రాసుకున్నాడు.

తర్వాత తన సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. పనివాళ్ళ పింఛను నిధికి నెలనెలా మేము పంపే జాబితా అది. అందులో పదకొండు మందికీ గుర్తింపు కార్డుల్లో ఉన్న అసలు పేర్లున్నాయి. పట్టీనీ జాబితానీ పక్కపక్కన పెట్టాడు.

"ఈ జాబితాలో ఉన్న పదకొండు మందిలో ఒక్కరు కూడా మీ పట్టీ ప్రకారం ఏనాడూ పనికి రాలేదు. వచ్చినవాళ్ళు జాబితాలో లేరు. వచ్చినవాళ్ళంతా మీ చుట్టాలు. అంటే ఏమిటండీ దానర్థం?"

దానర్థం మా అత్తగారు. ఆవిడకి పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే ఒళ్ళు మండేది. పట్టీలో పేరు రాయడమూ పేరు పెట్టి పిలవడం కిందికే వస్తుందని ఆవిడ వాదం. పొద్దున్నే పుస్తకం తెరిచి అందరినీ పేర్లు పెట్టి పిలుస్తామా అనేది. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. పట్టీలు మారాయి గానీ పద్ధతి మారలేదు. జాబితా సంగతి మా కాగితాలాయన చూసుకుంటాడు. మా వీధిలో పది దుకాణాలకి ఆఫీసు కాగితాలు నింపి పెట్టేది ఆయనే. జాబితా ఆయన కంప్యూటర్లో ఉంటుంది, పట్టీ నా బల్ల మీద ఉంటుంది. ఆ రెండూ ఎప్పుడూ ఎదురెదురుగా కూర్చోలేదు.

ఇదంతా చెప్పాను. నమ్మలేదు. స్కేలాయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. ఆ ఏడాదే మూడు చోట్ల అలాంటి మోసం పట్టుకున్నాడట. సొంతవాళ్ళ చేత పని చేయించుకుంటూ, ఊరూ పేరూ లేనివాళ్ళని పింఛను జాబితాలో ఎక్కించేవాళ్ళట. ఇదిగో మా మనుషులు, ఇవిగో కార్డులు అని అందరినీ పిలిచి నిలబెట్టాను. మనుషులున్నారని ఒప్పుకుంటాను, వాళ్ళు ఇక్కడ పనిచేశారనడానికి రుజువేదన్నాడు. వాళ్ళనే అడగమన్నాను. చుట్టాల సాక్ష్యం చెల్లదన్నాడు. చుట్టాలు కాదు మొర్రో అన్నాను. పట్టీలో రాసింది మీరే కదా అన్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

తొమ్మిదో రోజున విచారణ అని నోటీసు వచ్చింది. జాబితా దొంగదని తేలితే అనుమతి రద్దు, లాండ్రీకి తాళం.

కాగితాలాయన ఆ సాయంత్రమే ఒక ఫారం పట్టుకొచ్చాడు. దారి సులువేనన్నాడు. కుటుంబ సభ్యులు మాత్రమే పనిచేసే చోట ఈ నియమాలేవీ వర్తించవు. కాబట్టి వీళ్ళంతా నా బంధువులేనని, జాబితా పొరపాటున పంపామని రాసి సంతకం పెడితే విచారణే ఉండదు. కుటుంబ సంస్థ కింద అనుమతి వచ్చేస్తుంది, ఆసుపత్రుల పని ఆగదు. పోయేది పదకొండు మంది సర్వీసు మాత్రమే. జాబితాలోంచి పేర్లు కొట్టేస్తారు. ఇక వాళ్ళు ఇక్కడ ఏనాడూ పనిచేయనట్టే. చెయ్యి కాలితే వైద్యం లేదు, సెలవు మీద హక్కు లేదు, ముసలితనంలో పింఛను లేదు.

బాబాయికి ఇంకో ఎనిమిది నెలల్లో అరవై నిండుతాయి. ఇరవై రెండేళ్ళుగా డ్రమ్ముల దగ్గర ఉన్నాడు. తడి దుప్పట్లు లాగీ లాగీ ఆయన భుజాలు రెండూ ముందుకి వంగిపోయాయి. ఇంకో ఎనిమిది నెలలు గడిస్తే కూర్చుని తినే హక్కు వస్తుంది. సంతకం పెడితే ఆ ఇరవై రెండేళ్ళూ గాలికి పోతాయి.

మా ఆయన యంత్రాలు చూసుకుంటాడు. నట్టూ బోల్టూ గురించి తప్ప నోరు విప్పని మనిషి. ఆయన కూడా సంతకం పెట్టెయ్యమన్నాడు. తాళం పడితే అందరికీ అన్నీ పోతాయి, సంతకం పెడితే ఉద్యోగాలైనా మిగులుతాయి అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అదే నాకు మంట.

అబద్ధమెందుకు, పెన్ను మూత తీశాను. ఫారంలో మూడు గళ్ళున్నాయి. పేరు, బంధుత్వం, పనిచేసిన కాలం. మొదటి గడిలో బాబాయి అసలు పేరు రాశాను. రెండో గడిలో బాబాయి అని రాశాను. మూడో గడిలో 'లేదు' అని రాయాలి. 'లే' దాకా రాసి పెన్ను పక్కన పడేశాను. కాగితాలాయనని లేచి వెళ్ళమన్నాను, కొంచెం గట్టిగానే అన్నాను.

మర్నాడు జనన మరణాల ఆఫీసుకి వెళ్ళాను. మేము బంధువులం కామని ఒక కాగితం కావాలని అడిగాను. కిటికీలో గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. బంధుత్వానికి ధ్రువపత్రం ఇస్తాం గానీ బంధుత్వం లేదని ఇవ్వడానికి ఫారమే లేదన్నాడు. అలా ఇస్తూపోతే ప్రపంచంలో అందరికీ అందరితోనూ ఇవ్వాల్సొస్తుందన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం నాకు ఎందుకూ పనికిరాలేదు.

ఆ తర్వాత వారం రోజులు నేను ఎవరి మీదా కేకలు వెయ్యలేదు. దాంతో లాండ్రీలో అందరికీ నిజంగా భయం పట్టుకుంది.

విచారణకి ముందు రోజు, టీ విరామంలో బాబాయి నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"సంతకం పెట్టెయ్యమ్మా," అన్నాడు. "నాకోసం పదిమంది పొయ్యి ఆర్పకు. నాకేదో గడిచిపోతుంది."

నేను నోరు తెరిచేలోపు రోలరు వైపు నుంచి వదిన వచ్చి మీద పడింది. మా వదినకి అరవకుండా తిట్టడం వచ్చు. గొంతు కొంచెం కూడా లేపకుండా మొగుణ్ణి నిలువునా చీరేసింది. ఔను, వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఇన్నేళ్ళుగా ఒక ఇంట్లోంచి ఒకే బస్సెక్కి వచ్చి ఒకడు డ్రమ్ముల దగ్గరికి, ఒకతె రోలరు దగ్గరికి విడిపోతారు.

"త్యాగం చేసేవాళ్ళు మీది చేసుకోండి. పద్దెనిమిదేళ్ళు ఆ రోలరు ముందు నిలబడ్డ కాళ్ళు నావి. వాటిని దానం చెయ్యడానికి మీరెవరు?"

బాబాయి తువ్వాలు మడతలు మళ్ళీ విప్పాడు. పాపం, మంచికని వచ్చి ఇరుక్కుపోయాడు. సర్దిచెబుదామని నేను మధ్యలో కల్పించుకున్నాను. "బాబాయ్, వదిన చెప్పేదాంట్లో న్యాయం లేకపోలేదు..." అన్నాను. అని, అక్కడే ఆగిపోయాను.

బాబాయ్. వదిన. నేను పద్దెనిమిదేళ్ళుగా అంటున్న ఆ రెండు మాటలూ మొదటిసారి పక్కపక్కన వినబడ్డాయి. బాబాయి పెళ్ళాం నాకు పిన్ని కావాలి కదా? వదిన ఎలా అయింది?

అదే అడిగాను. వదిన కోపం మర్చిపోయి కాస్త సిగ్గుపడింది. తను పనిలో చేరిన రోజు నేను పిన్ని అనే పిలిచానట. నీకూ నాకూ రెండేళ్ళు తేడా లేదు, పిన్ని అంటే ఊరుకోను, వదినా అను అని తనే నా నోరు మూయించిందట. నాకు గుర్తే లేదు. బాబాయి అప్పటికే అందరికీ బాబాయి. ఆ మాటని మార్చాలని ఎవరికీ తోచలేదు.

నేను నవ్వడం మొదలుపెట్టాను. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. బెంగతో నాకు మతి పోయిందనుకుని పెద్దక్క పరుగెత్తి నీళ్ళు తెచ్చింది. నేను మాసిన బట్టల మీద గుర్తులు వేసే సుద్దముక్క తీసుకుని, మడతలు పెట్టే పెద్ద బల్ల మీద నా బొమ్మ ఒకటి వేశాను. మీలో మీకున్న అసలు చుట్టరికాలన్నీ చెప్పండి, వరసలు కలుపుదాం అన్నాను. ఒక్కొక్కటీ బయటపడుతున్నకొద్దీ అందరూ బల్ల చుట్టూ మూగారు. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకున్నారు. టీ విరామం పావుగంట అని బోర్డు మీద రాసి ఉంది. ఆ రోజు దాన్ని నేనే ఉల్లంఘించాను.

విచారణ గది మూడో అంతస్తులో. పొడవాటి బల్ల, గోడకి తెల్లబోర్డు, మంచినీళ్ళ జగ్గు. డ్రమ్ములు మా ఆయనకి అప్పగించి పదకొండు మందినీ వెంటబెట్టుకెళ్ళాను. ఉతికి ఇస్త్రీ చేసిన ఏప్రాన్లలో గోడవారగా వరసగా కూర్చున్నారు. విచారించేది ఒక పెద్దావిడ. పొట్టి జుట్టు, తక్కువ గొంతు. కాగితం చదివేటప్పుడు పెదాలు కదపదు, మొహంలో ఏమీ కనబడదు.

స్కేలాయన తన వాదన చక్కగా చెప్పాడు. పట్టీలు చూపించాడు, జాబితా చూపించాడు. "వీళ్ళు బంధువుల కంటే ఎక్కువ అని ఈవిడే ఒప్పుకుంది" అని నా మూడు మాటలూ చదివి వినిపించాడు. పెద్దావిడ నా వైపు తిరిగి, మీరేమంటారని అడిగింది.

ఆయన చెప్పిందే నిజమనుకుందాం అన్నాను. గోడవారగా ఒక్కసారి కదలిక వచ్చింది. కాగితాలాయన వెనక బెంచీలో తల పట్టుకున్నాడు. వీళ్ళంతా మా చుట్టాలే అనుకుందాం, ఆ చుట్టరికం ఎలాంటిదో బోర్డు మీద వేసి చూపిస్తాను, అనుమతివ్వండి అన్నాను. ఆవిడ తల ఊపింది.

బోర్డు మధ్యలో నన్ను వేశాను. పైన మా నాన్న. నాన్న పక్కన ఆయన తమ్ముడు, అంటే మా బాబాయి. నా పక్కన మా అన్నయ్య. అన్నయ్య పక్కన ఆయన భార్య, అంటే మా వదిన. ఇంతవరకు సరేనా అని స్కేలాయన్ని అడిగాను. సరే అన్నాడు. అప్పుడు బాబాయి, వదిన కలిసి సంతకాలు పెట్టిన పెళ్ళి నమోదు కాగితం తీసి పెద్దావిడ ముందు పెట్టాను.

"అమ్మా, మా అన్నయ్య భార్య మా బాబాయికి ఏమవుతుంది? కోడలు అవుతుంది. ఈ పట్టీలో ఉన్నవి నిజం చుట్టరికాలే అయితే, ఈయన కోడల్ని పెళ్ళి చేసుకుని ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాడు."

పెద్దావిడ కాగితం చూసింది, బోర్డు చూసింది, మళ్ళీ కాగితం చూసింది. వదిన లేచి నిలబడి తనకీ ఒక మాట చెప్పాలని ఉందంది. ఈయన మామగారైతే ఎప్పుడో వేరు కాపురం పెట్టేసేదాన్ని, మొగుడు కాబట్టే భరిస్తున్నాను అని, వినయంగా చెప్పి కూర్చుంది. పెద్దావిడ మంచినీళ్ళ గ్లాసు అందుకుని చాలాసేపు తాగింది.

స్కేలాయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. చుట్టరికం రెండు వైపుల నుంచీ రావచ్చన్నాడు. ఒక వైపు నుంచి చూస్తే పిన్ని, ఇంకో వైపు నుంచి చూస్తే వదిన అయిన మనుషులు ఉంటారన్నాడు. ఉంటారు, నేనూ ఒప్పుకున్నాను. అందుకే బోర్డు కింది సగం ఖాళీగా ఉంచాను.

మా బాయిలరు చూసే మామయ్యని లేపాను. పెద్దక్కని లేపాను. ఇద్దరి కార్డులూ బల్ల మీద పెట్టాను, తల్లీ తండ్రీ ఒకరే. మామయ్య అంటే అమ్మ తోడబుట్టినవాడు. అతని సొంత అక్క నాకు అమ్మయినా కావాలి, పెద్దమ్మో పిన్నో అయినా కావాలి. పట్టీలో నాకు అక్క అయి కూర్చుంది. తర్వాత చిన్నక్కని లేపాను. ఆమె పెద్దక్క కడుపున పుట్టిన కూతురు. అక్క కూతురు నాకు కూతురవుతుంది, అక్కకి పుట్టి అక్క ఎలా అవుతుంది? ఇంక చివర్న వ్యాను నడిపే అల్లుడు. పనిలో చేరిన రోజు చలువ చొక్కా, కొత్త గడియారంతో వచ్చాడని, అల్లుడుగారొచ్చారు అని ఎవరో ఏడిపించారు. ఆ పిలుపే నిలిచిపోయింది. నా గుర్తింపు కాగితంలో పిల్లల పేర్లున్న చోట వేలుపెట్టి చూపించాను. నాకున్నది ఒక్కడే కొడుకు.

"కూతురే లేని ఇంటికి అల్లుడెక్కణ్ణించి వచ్చాడమ్మా?" అన్నాను. "మా ఇంట్లో ఏ వరసా ఇంకో వరసతో కలవదు. కలవకపోవడమే రుజువు. వీళ్ళెవరూ నాకు ఏమీ కారు."

ఆ చివరి మాట బోర్డు వైపు తిరిగి అన్నాను. నిజం చెప్పడానికి అంత కష్టపడటం నాకు అదే మొదలు. పెద్దక్క తల దించుకుంది.

పెద్దావిడ స్కేలాయన వైపు తిరిగింది. మీకు వదిన ఉందా అని అడిగింది. ఉందండి అన్నాడు. ఆవిడ మీ బాబాయి భార్యా అని అడిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బోర్డు వైపు ఒకసారి చూసి, కాదండి అన్నాడు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది. ఇక ఏమీ లేదన్నాడు.

బంధువులు కారని తేలింది గనుక వాళ్ళ సాక్ష్యం చెల్లుతుందని ఆవిడ రాయించింది. ఒక్కొక్కరినీ పిలిచింది. ఉత్తినే పనిచేశారా అని అడగలేదు, పట్టీ దగ్గర పెట్టుకుని అడిగింది. ఫలానా తేదీన అరగంట ఆలస్యం ఎందుకైందంటే అల్లుడు ఏ వీధిలో ఏ టైరు పంక్చరైందో చెప్పి, టైరు దుకాణం రసీదు చూపించాడు. మడతపెట్టిన దుప్పటి అంచు ఎటువైపు రావాలని అడిగితే చిన్నక్క ఆవిడ బల్ల మీద గుడ్డ లాగి మడిచి చూపించింది. బాబాయిని అరపూట సెలవు సంగతి అడిగింది. ఆయన మాటలతో చెప్పడం చేతకాక నోరు తెరిచి పన్ను పోయిన ఖాళీ చూపించాడు. పళ్ళ డాక్టరు చీటీలో తేదీ, పట్టీలో తేదీ ఒక్కటే. ఆవిడ రెండింటినీ పక్కపక్కన పెట్టి సంతకం పెట్టింది. తొమ్మిదేళ్ళుగా నేను తిట్టుకుంటూ రాసిన సాకులన్నీ ఆ రోజు ఒకటొకటిగా లేచి మా పక్షాన నిలబడ్డాయి.

మధ్యాహ్నం దాటాక తీర్పు చదివింది. జాబితా నిజమైనదే. అనుమతి పత్రం ఈ రోజు నుంచే అమలు. అయితే పట్టీలో పేర్లు రాయకపోవడం యజమాని తప్పు, రేపటి నుంచి ప్రతివాళ్ళకీ పూర్తి పేరు రాయాలి, పిలుపులు ఎలా పిలుచుకున్నా ఆఫీసుకి అభ్యంతరం లేదు. ఆ తప్పు నాదేనని నేను లేచి ఒప్పుకున్నాను. తప్పు ఒప్పుకుని అంత సంతోషపడ్డ మనిషిని ఆ గది అంతకుముందు చూసి ఉండదు. స్కేలాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి నాకు చెయ్యి కలిపాడు. మీ నడిచే దారి కావలసినదానికంటే నాలుగు వేళ్ళు వెడల్పే ఉందని చెప్పాడు. అది ఆయన క్షమాపణ అనుకుంటాను.

ఇక లేద్దామనుకుంటుంటే పెద్దావిడ ఇంకా అయిపోలేదంది. పదకొండు మంది సర్వీసూ పేరు పేరునా చదివి ధ్రువీకరించాలంది. జాబితాలో మొదటి పేరు చదివింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. తర్వాత "ఇరవై రెండు సంవత్సరాల నాలుగు నెలల సర్వీసు ఉన్నట్టు ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది" అని చదివి తలెత్తి చూసింది.

ఎవరూ లేవలేదు. బాబాయి కూడా అందరితో పాటు అటూ ఇటూ చూశాడు, ఎవరా మనిషి అన్నట్టు. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు ఎప్పుడో పోయి ఉంటారు. ఇంట్లో భార్య పిలవదు, పనిలో మేము పిలవలేదు. వదిన మోచేత్తో పొడిచి, "మిమ్మల్నే" అంది.

ఆయన లేచాడు. వంగిపోయిన ఆ భుజాలని ఎంత నిటారుగా చెయ్యగలడో అంత నిటారుగా చేసి నిలబడ్డాడు. ఏప్రాన్ సర్దుకున్నాడు.

"ఇంకొక్కసారి చదువుతారామ్మా?" అన్నాడు.

ఆవిడ విసుక్కోలేదు. కాగితం మళ్ళీ దగ్గరికి తీసుకుని, మొదటి అక్షరం నుంచి, ఈసారి ఇంకా నిదానంగా చదివింది. పేరు వినబడగానే వదిన లేచి నిలబడింది, పెద్దక్క లేచింది, మామయ్య లేచాడు, చివరికి పదకొండు మందీ లేచారు. నేను ఏడ్చాను. నాకు కోపం తప్ప ఇంకేమీ రాదనుకునేవాళ్ళు ఆ రోజు నన్ను చూసి ఉండాల్సింది. సర్వీసు ఎన్నేళ్ళో, ఎన్ని నెలలో అంతా అయ్యేదాకా బాబాయి రెప్ప వెయ్యకుండా విన్నాడు.

"అవునమ్మా," అన్నాడు. "అది నేనే."